నాలుగున్నరను పంచితే తొమ్మిది

ఇన్నేళ్లయినా మా లెక్కల మాస్టారు నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అడిగింది తెనాలిలో, ఆరో తరగతిలో. ఇవాళ రేపల్లెలో మా వంటింట్లో నువ్వుల నూనెను డబ్బాలోంచి అరలీటరు సీసాల్లోకి వంపుతుంటే ఆ కోపం మళ్లీ గుర్తొచ్చింది. మాస్టారి తల ఎప్పుడూ ఇదే వాసన వేసేది.

ఆరోజు ఆయన బోర్డు మీద నాలుగున్నరను అరతో భాగించమని 4.5 ÷ 0.5 అని వేశారు. రెండింట్లోనూ చుక్కను ఒక స్థానం కుడికి జరిపి, జవాబు తొమ్మిది అన్నారు. నేను లేచాను.

“పంచితే తగ్గాలి కదండీ! నాలుగున్నర తొమ్మిదెలా అవుద్దండి?”

“కూర్చోరా. నీ సంగతి రేపు చెప్తా.”

అది బెదిరింపని క్లాసంతటికీ అర్థమైంది. నేను మాత్రం జవాబు చెబుతారనుకున్నాను. మర్నాడు అందరికంటే ముందే వెళ్లి మొదటి బెంచీలో కూర్చున్నాను. ఆయన రాగానే, “నా సంగతి చెప్తానన్నారు కదండీ” అన్నాను.

క్లాసు గొల్లుమంది. “తన్నులకి కూడా తొందరేంట్రా నీకు!” అని మాస్టారూ కడుపుబ్బా నవ్వి, వేరే పాఠం మొదలుపెట్టారు.

ఇవాళ నాలుగున్నర లీటర్ల నూనె తొమ్మిది సీసాల్లో నిండి కిటికీ దగ్గర మెరుస్తోంది. నాలుగున్నరలో అరలు ఎన్ని ఉన్నాయన్నదే ఆ లెక్క. చూస్తుంటే హాయిగా ఉంది.

బాపట్లలో ఉంటున్న మాస్టారికి ఒక సీసా పట్టుకెళ్తాను. ఎప్పుడు అడగబోయినా, “టిఫిన్ చేశావా అబ్బాయ్?” అని ఆప్యాయంగా మాట మార్చేస్తారు. ఈసారి వదలను. జవాబు నాకు తెలిసిపోయింది మాస్టారూ. కానీ చెబుతానన్నది మీరు. చెప్పండి.