పద్దెనిమిదో గుంట దగ్గర మా బావమరిది

మా ఆవిడ తమ్ముడు ఇరవై ఆరేళ్ళు గోల్ఫ్ క్లబ్బులో గడ్డి పెంచాడు. నేను బడిలో లెక్కల మాస్టారిని. నేను పిల్లలకు గడ్డి పెడుతుంటే వాడు నేలకు పెడుతున్నాడని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వేవాణ్ణి. చదవని పిల్లలను వాడి దగ్గరికి పనికి పంపుతానని బెదిరించేవాణ్ణి. బావమరిదిని ఆటపట్టించే హక్కు బావకు ఎటూ ఉంది. వాడూ నవ్వేవాడు. నవ్వేవాడు కదా అని నేనూ ఆపలేదు.

వాడి పనల్లా పద్దెనిమిదో గుంట చుట్టూ, అంటే ఆట ముగిసే చోట. తెల్లారేసరికి అక్కడుండి, అరచేత్తో తడి చూసి, గడ్డిని బియ్యపుగింజంత ఎత్తున కోసేవాడు. పైనుంచి పడ్డ బంతి అక్కడ సొట్ట చేస్తుంది. వెంటనే సరిచేయకపోతే ఆ చోట గడ్డి చచ్చిపోతుందట. అందుకని వాడి జేబులో ఎప్పుడూ రెండు పళ్ళ చిన్న ఫోర్కు ఉండేది. సొట్ట కనబడితే చాలు, మోకాళ్ళ మీద కూర్చుని అంచులు లోపలికి నెట్టి సాపు చేసేవాడు. మా ఇంటికొచ్చినా కూర్చోబోతూ దుప్పటి ముడతలు సర్దేవాడు.

పెద్ద పోటీలప్పుడు పనివాళ్ళను ఎవరి కంటా పడనిచ్చేవారు కాదు. తన గడ్డి మీద అసలు ఆట ఎలా ఉంటుందో వాడెన్నడూ చూడలేదు. పోయిన నెల వయసైందని పని మాన్పించి, ఈసారి పోటీ చూడ్డానికి చేతిలో రెండు పాసులు పెట్టారు. అక్కని తీసుకెళ్ళరా అన్నాను.

"నువ్వే రావాలి బావా. ఒక్కసారి చూసి ఎలా ఉందో చెప్పు, చాలు" అన్నాడు.

వెళ్ళాం. తాడు కట్టి జనాన్ని వెనక నిలబెట్టారు. ఆటగాడు కొట్టబోయే ముందు క్లబ్బు మనిషి ఒకడు 'నిశ్శబ్దం' అని రాసిన అట్టముక్క పైకెత్తాడు, అంతే, వందలమంది నోళ్ళు మూతపడ్డాయి. ముప్పై ఏళ్ళలో నా క్లాసు ఒక్కరోజూ అలా లేదు. ఇక ఆ పచ్చిక నిజంగానే గొప్పగా ఉంది. కళ్ళు తిప్పుకోలేకపోయాను. వాడు ఆట మానేసి నా మొహమే చూస్తున్నాడు.

"ఎండ దంచేస్తోందిరా" అన్నాను.

ఒక జట్టు ఆడి వెళ్ళిపోయింది. ఎవడి సొట్ట వాడే సరిచేయాలట, ఒకడు మరిచిపోయాడు. మావాడు నా మోచెయ్యి పట్టుకుని దాన్ని చూపించాడు. ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్నాను. ఎవరూ రాలేదు. వెనక జట్టు దూరం నుంచి కొట్టడానికి సిద్ధమైంది. అట్టముక్క లేచింది. జనమంతా ఊపిరి బిగబట్టిన ఆ క్షణంలో మావాడు తాడు కిందనుంచి దూరి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని ఫోర్కు తీశాడు.

ఇద్దరు కాపలావాళ్ళు చెరో రెక్కా పట్టుకుని లేపారు. తాగొచ్చాడని ఎవరో అంటే జనం నవ్వారు. క్లబ్బు సెక్రటరీ వాడి మొహమైనా చూడకుండా బయట పడేయమన్నాడు. వాడు నావైపు చెయ్యి చూపించి, మా బావ అన్నాడు.

"మీవాడేనా అండీ?" అని కాపలావాడు అడిగాడు.

అందరూ నావైపే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కాదు. ఎవరో నాకు తెలీదు" అన్నాను.

వాణ్ణి ఈడ్చుకుపోయారు. నేను సాయంత్రం దాకా ఉండి ఆటంతా చూశాను. అబద్ధమెందుకు, బాగానే అనిపించింది.

ఇంటికొచ్చేసరికి వాడు మా వంటింటి గడపలో కూర్చుని ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర పచ్చటి మరకలు. మా ఆవిడ మొహం మాత్రం వెలిగిపోతోంది. రద్దీలో ఇద్దరం విడిపోయామని చెప్పాడట. అంతకుముందు బావ గడ్డి చూసి, ఇలాంటి పని ఇంకెవరివల్లా కాదన్నాడని కూడా చెప్పాడట.

"నిజంగా అన్నారా?" అని అడిగింది.

వాడు తలెత్తి నావైపు చూశాడు. నేను చేసింది అక్కకు చెప్పలేదు, నా పరువు కాపాడాడు. నేను ఒక్క 'అవును' అంటే సరిపోయేది. కానీ వీడు నన్ను కాపాడడమేమిటని నాకు ఒళ్ళు మండింది.

"నేనెప్పుడన్నాను?" అన్నాను.

వాడు లేచి చెప్పులు వేసుకున్నాడు. భోంచేసి వెళ్ళమని మా ఆవిడ అంటూనే ఉంది.