నల్లరాయి మీద తెల్ల కమ్మలు

నా చిన్నప్పుడు మా మేనత్తకు నేనంటే గిట్టేది కాదు. ఈ వయసులో ఆ మాటను మెత్తగా చెప్పాల్సిన అవసరం నాకేమీ కనిపించదు. ఆమె చూపించిన సంబంధం కాదని మా నాయన మా అమ్మను చేసుకున్నాడు. నావి అచ్చం మా అమ్మ కళ్ళు. గడివేముల దగ్గరి మా పల్లెలో పెద్ద బడి లేదని నాయన నన్ను ఆళ్ళగడ్డలో అత్త ఇంట్లో దించి పోయాడు. ఇక ఆ ఇంట్లో పాలు విరిగినా, పొదగేసిన గుడ్లు మురిగినా నా కళ్ళే కారణం.

మా మామ వేరే ఊళ్ళో పింగాణి ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వచ్చినప్పుడల్లా కాస్త తెల్లమట్టి తెచ్చేవాడు. అత్త దాన్ని అప్పడంలా పలచగా ఒత్తి, రేకలుగా కోసి చెవి కమ్మలు చేసేది. ఆరాక మామ వాటిని పట్టుకెళ్ళి అక్కడి బట్టీలో కాల్పించుకొచ్చేవాడు. శివరాత్రికి మహానందిలో అమ్మేవాళ్ళు. నాకెంత కడుపుమంట ఉన్నా ఒప్పుకోవాలి, ఆమె చేతిలో పనితనం ఉండేది.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. అత్త కమ్మల్ని తన గదిలో కిటికీ కింద, నున్నటి నల్ల నాపరాయి మీద ఆరబెట్టేది. పొద్దున పెట్టినవి సాయంత్రానికి అంచు నుంచి నడుమ దాకా చీలిపోయేవి. రెండోసారి చేసినవీ అంతే. నేను ఆ గది గడప దగ్గర కూర్చుని చదువుకునేదాన్ని కదా, ఇంకేం కావాలి?

"నరుడి కంటికి నల్లరాయి పగుల్తాదంట. ఈ మట్టి ముక్కలెంత? ఆ కండ్లేసుకొని యాడికన్నా పో!" అని వీధంతా వినపడేలా అరిచింది.

వీధి విన్నది. ఎదురింటామె నన్ను చూడగానే ఒళ్ళో బిడ్డ మీదికి కొంగు లాక్కుంది. అత్త తిట్లకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. వచ్చే ఆదివారం నన్ను నంద్యాల బస్సెక్కించి పల్లెకు తోలేస్తానని అత్త తేల్చేసింది. బడి పోవడం ఒకెత్తు. పాడు కళ్ళదన్న పేరు మోసుకుని పల్లెలో దిగితే అది ఇక నన్ను వదలదని నాకు ఆ వయసులోనే తెలుసు.

పక్కింటి అక్క వాళ్ళది గాజుల వ్యాపారం చేసే సాయిబుల కుటుంబం. ఆమె లోపలికొచ్చి, పగిలిన కమ్మను రాతి మీద నుంచి గోటితో ఊడదీసి, వెనక్కి తిప్పి చూసింది.

"నల్లరాయి బాగానే ఉండాదే అక్కా. దాని మింద కమ్మలే పగిలినాయి" అంది.

అత్తకు ఒళ్ళు మండింది. అక్క తగ్గలేదు. ఒక పందెం పెట్టింది. ఈసారి కలిపిన మట్టితో చేసిన కమ్మల్లో సగం అత్త తన గదిలోనే ఎప్పటిలా పెట్టుకుని తాళం వేసుకోవాలి. మిగతా సగం అక్క వాళ్ళ ఇంట్లో నా ముందే పెడుతుంది. నేను వాటిని కళ్ళార్పకుండా చూడాలి. "పాప కన్ను చెడ్డదైతే నేనే దాన్ని బస్సెక్కిస్తా" అంది.

అక్క గాలి తగలని మూల చూసింది. చెక్క పలక మీద జల్లించిన బూడిద పోసి, దాని మీద పాత నూలు గుడ్డ పరిచి, కమ్మల్ని వదులుగా పేర్చింది. పైన గంప బోర్లించి, తడిపి పిండిన గుడ్డ కప్పింది. పూటపూటకూ గంప ఎత్తి కమ్మల్ని తిరగేసే పని నాదే. కసిదీరా చూశాను. చూస్తూ, లోపల మాత్రం పగలొద్దని మొక్కుకున్నాను.

"మట్టి ఆరేటప్పుడు ముడుచుకుంటాది పాపా. జరిగేదానికి చోటియ్యాల. రాయి పట్టుకొని వదల్లేదు, పైన ఎండ ఊరుకోలేదు, ఇంకేం చేస్తాది?" అంది అక్క. ఇంట్లో మట్టితో పొయ్యి వేసుకునే ఏ ఆడమనిషైనా పచ్చి పొయ్యిని ఎండలో పెట్టదు. అత్తా పెట్టేది కాదు. కానీ నన్ను అనడం తేలిక కదా.

ఆదివారం రాకముందే అత్త తాళం తీసింది. ఎవరి కన్నూ పడని ఆ గదిలో కమ్మలన్నీ చీలి ఉన్నాయి. అక్క నా పలకను గంపతో సహా తెచ్చి పక్కన పెట్టి, గంప ఎత్తింది. ఒక్కదానికీ గీత లేదు.

అత్త మొహం మాడిపోయింది. "సర్లే, బడికి పో. ఈడ నిలబడి ఏం చూస్తాండావ్" అంది. అంతే. మరునాడు తనూ బూడిద జల్లించుకుంది. నా మీద వేసిన నిందను మాత్రం వీధిలో ఎవరి ముందూ వెనక్కి తీసుకోలేదు. పోయేదాకా తీసుకోలేదు. నేనూ క్షమించలేదు.

ఇప్పుడు నంద్యాలలో మా మనవరాలు సరదాకు పింగాణి నగలు చేస్తుంది. ఫ్యాన్ కింద ఆరబెడితే లేచి ఫ్యాన్ ఆపేస్తాను, పలక మీద గుడ్డ పరిచి ఇస్తాను. ఆ పని చేతికొచ్చింది. ఇంకొకటి కూడా నాతోనే ఉండిపోయింది. ఎవరైనా చంటిబిడ్డను తెచ్చి చూపిస్తే ముందుగా నా తల దానంతటదే వాలిపోతుంది. వెంటనే అత్త మీద కోపం ముంచుకొస్తుంది. అప్పుడు తలెత్తి, మా అమ్మ ఇచ్చిన ఈ కళ్ళతోనే, ఆ బిడ్డను తనివితీరా చూస్తాను.