చదివేవాళ్ళ పేర్లు

లూర్దమ్మ కూర్చున్న లైబ్రరీలోకి సంతకం పెట్టకుండా దేవుడు కూడా రాలేడని ఆ కాలేజీలో ఒక మాట ఉండేది. గుమ్మం పక్కన బల్ల, బల్ల మీద దారంతో కట్టిన పెన్ను, ఖాకీ గుడ్డ అట్ట వేసిన రిజిస్టరు. ప్రిన్సిపాలైనా, ఫ్యాను బాగుచేసే మిస్త్రీ అయినా పేరు, పనిచేసే చోటు, వచ్చిన వేళ రాయాల్సిందే. ఓసారి ట్రస్టు పెద్దమనిషి ఒకాయన నేనెవరో తెలీదా అన్నాడట. తెలుసు, అందుకే పేరు సులువుగా రాయగలరు అందట ఈవిడ. నిజమో, కల్పితమో గానీ ఆ మాట అనగల మనిషే.

తండ్రి పౌల్‌రాజు భీమిలి దగ్గర్నుంచి రాంచీ వైపు వచ్చి, అక్కడి ఉక్కు కార్ఖానాలో క్రేను నడిపాడు. లూర్దమ్మ కార్ఖానావాళ్ళ కద్మా క్వార్టర్లో పుట్టింది, కద్మాలోనే పెరిగింది, లైబ్రరీ చదువు చదివి ముప్పయ్యొక్కేళ్ళ కిందట ఆ ప్రైవేటు కాలేజీలో చేరింది. పెళ్ళెందుకు చేసుకోలేదంటే తీరిక దొరకలేదంటుంది. చిరిగిన పుస్తకానికి గంజి పెట్టి అతికించడం, పోయిన పుస్తకం కోసం నాలుగేళ్ళయినా వెంటపడడం, ఒక్క కాగితం ముక్క కూడా పారేయకపోవడం, ఇవీ ఆవిడ గుణగణాలు. మార్చి ముప్పయ్యొకటిన రిటైరవుతుంది. అంతలోపల ఒక్క పని జరగాలని ఆవిడ కోరిక. «శ్రమ-శ్వాస» పత్రికకు తమ లైబ్రరీ ఇచ్చే వాటా ఇంకో రెండేళ్ళకు ఖాయం కావాలి.

ఈ పత్రిక సంగతి కొంచెం చెప్పాలి. దుమ్ములో, పొగలో, వేడిలో పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల గురించి డాక్టర్లూ పంతుళ్ళూ పరిశోధించి రాసే వ్యాసాలు అందులో వస్తాయి. ఇలాంటి పత్రికలు చాలావరకు కంపెనీల చేతుల్లో ఉంటాయి. రాసేవాళ్ళకు పైసా ఇవ్వరు, తప్పొప్పులు చూసే పండితులకూ ఇవ్వరు, తీరా అచ్చయ్యాక అదే కాలేజీలకు అమ్ముతారు. మన ఇంటి పెళ్ళిలో మనమే వండి, మనమే వడ్డించి, టిక్కెట్టు కొనుక్కుని పంక్తిలో కూర్చున్నట్టు. «శ్రమ-శ్వాస» అలా కాదు. పన్నెండు కాలేజీల లైబ్రరీలు ఏటా తలా కొంత వేసుకుని ముందే ఖర్చు భరిస్తాయి. రాసినవాడు ఇచ్చేదీ లేదు, చదివినవాడు ఇచ్చేదీ లేదు. ఇంటర్నెట్లోనే వస్తుంది కాబట్టి ఫోనున్న ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ప్రతి వ్యాసానికీ సులువైన హిందీలో ఒక పేజీ సారాంశం కూడా ఉంటుంది.

లూర్దమ్మ ఇందులోకి దిగడానికి కారణం నూకమ్మ. అదే ఊళ్ళో పర్సుడీహ్ పేటలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆయా. ఎనిమిదేళ్ళ కిందట డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని లైబ్రరీకి వచ్చింది. మొగుడు అప్పన్న జుగ్సలాయి గోదాముల్లో సిమెంటు బస్తాలు మోసి మోసి దగ్గుతో మంచానపడ్డాడు, ఆ జబ్బు గురించిన వ్యాసం కావాలి. వెతికితే అది కంపెనీ పత్రికలో ఉంది. తెరవాలంటే వాళ్ళు అడిగిన సొమ్ము నూకమ్మ జీతంలో సగం. లేదమ్మా అని పంపించేసింది లూర్దమ్మ. పంపించాక రెండు రోజులు ఆవిడకు అన్నం సహించలేదు. ఆ తర్వాతి ఏడు సీతారామరావు గారు, రిటైరైన డాక్టరు, ఈ పత్రిక పెట్టబోతూ లైబ్రరీల సాయం అడగడానికి వస్తే, ఆయన చెప్పడం పూర్తికాకముందే సరేనంది. పత్రిక నడిచే కంప్యూటరు కూడా తమ లైబ్రరీలోనే పెట్టించింది.

ఆరేళ్ళు బాగానే నడిచింది. నిరుడు కొనుగోళ్ళ కమిటీలోకి గౌరీశంకర్ గారు వచ్చారు. ట్రస్టు సభ్యుడు, జుగ్సలాయిలో మూడు గోదాములున్న వ్యాపారి. చెడ్డవాడనడానికి లేదు. పేద పిల్లలకు ఫీజులు కట్టాడు, ఎవరితోనూ గొంతు పెంచడు. ఆయన అడిగింది ఒకటే. అందరికీ ఊరికే దొరికేదానికి మనమెందుకు కట్టాలి? కట్టాలంటే ఎవరు చదువుతున్నారో పేర్లు చూపించండి. మార్చి మీటింగులో చూసి సంతకం పెడతానన్నాడు. వాటా ఆగిపోతే ఏమవుతుందో లూర్దమ్మకు తెలుసు. పన్నెండింటిలో పెద్ద వాటా తమదే. పత్రికను కొనేసి తాళం వేసుకుందామని ఒక కంపెనీ అప్పటికే రెండుసార్లు కబురంపింది.

చెప్పొద్దూ, పేర్లు అనగానే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. ముప్పయ్యొక్కేళ్ళుగా చేస్తున్న పనే కదా! కంప్యూటరు చూసే శ్రీనిధిని పిలిచి, పత్రిక తెరవగానే పేరు, పనిచేసే చోటు, ఫోను నంబరు అడిగేలా ఒక ఫారం పెట్టమంది. “హో జాయేగా మేడమ్, అయిపోతుంది,” అంది ఆ పిల్ల. సీతారామరావు గారికి మాత్రం నచ్చలేదు. చదివేవాడు ఎవరో మనకెందుకమ్మా, చదివితే చాలదా అన్నాడు. మార్చి వరకే కదా అని లూర్దమ్మ ఒప్పించింది.

పేర్లు వచ్చాయి. రాంచీ పంతుళ్ళు, నర్సింగు పిల్లలు, ఎక్కడో రాయి కొట్టే ఊళ్ళలో పనిచేసే డాక్టర్లు. రోజూ సాయంత్రం ఆ జాబితా పొడుగు చూసుకుని మురిసిపోయేది. రెండు నెలలకు నాలుగొందలు దాటాయి. మొదట్లో జోరుగా వచ్చినవి తర్వాత ఎందుకు పలచబడ్డాయో ఆలోచించనేలేదు.

మీటింగుకు ఆరు రోజులుందనగా, ఒక మధ్యాహ్నం నూకమ్మ వచ్చింది. గుమ్మం దగ్గర పెన్ను ముట్టుకోకుండా నిలబడింది.

“ఏటే, లోపలికి రా,” అంది లూర్దమ్మ.

“పేరు రాయాలంటే బయమేత్తందక్కా,” అంది నూకమ్మ.

కూర్చోబెట్టి నీళ్ళిచ్చి అడిగితే మెల్లగా చెప్పుకొచ్చింది. అప్పన్న ఇప్పుడు బస్తాలు మొయ్యడం లేదు, టీ బండి పెట్టుకున్నాడు. ఆ బండి దగ్గర మధ్యాహ్నం అన్నాలవేళ నూకమ్మ ఫోనులో పత్రిక తెరిచి, ఆ హిందీ పేజీ గోదాము కూలీలకు చదివి వినిపించేది. మూతికి తడిగుడ్డ కట్టుకోవడం, పొడి ఊడ్పు మానెయ్యడం, ఏ దగ్గుకు ఏ పరీక్ష అడగాలో అన్నీ ఆమె అలా చెప్పినవే. కొందరు తమ ఫోన్లలో కూడా తెరుచుకోవడం మొదలెట్టారు. ఫారం వచ్చింది. అమాయకులు, అడిగినవన్నీ రాశారు. రాశాక ఒకడికి అనుమానం వచ్చింది. ఆ అనుమానం అందరికీ అంటుకుంది. ఇప్పుడు చదవమంటే లేచి వెళ్ళిపోతున్నారు.

“దుమ్ము జబ్బు గురించి సదివినాడని గోదాము మాలిక్‌కి తెలిత్తే ఇంకేటుందక్కా, రేపే ఛుట్టీ, పన్లోంచి తీసేత్తాడు. ఆ పేర్లు ఎవులు సూత్తారు?” అంది నూకమ్మ.

“కమిటీ,” అంది లూర్దమ్మ. అన్న తర్వాత ఆ కమిటీలో ఎవరున్నారో ఆవిడకు గుర్తొచ్చింది. జాబితా తీసి చూసింది. పద్నాలుగు పేర్లు, పద్నాలుగింటికీ ఎదురుగా పనిచేసే చోటు గౌరీశంకర్ గారి గోదాము.

కంచే చేను మేసింది. ఎవరూ ఎవరినీ అడగకుండా చదువుకోవాలని పెట్టిన పత్రికకు తన చేత్తోనే కాపలావాణ్ణి పెట్టింది. సిగ్గుతో ఆవిడ నూకమ్మ మొహం చూడలేకపోయింది. ఆ సాయంత్రమే శ్రీనిధి చేత ఫారం తీయించింది, కంప్యూటర్లోని పేర్లు చెరిపించింది. కానీ చెరిపించే ముందు ఒక ప్రతి అచ్చు తీసి ఉంచుకుంది. కాగితం పారేసిన చెయ్యి కాదు కదా, మనసొప్పలేదు.

మీటింగులో పేర్లు లేకుండా లెక్క మాత్రం చదివింది. ఇంతమంది పంతుళ్ళు, ఇంతమంది విద్యార్థులు, ఇంతమంది ఆసుపత్రివాళ్ళు, ఇంతమంది కూలీలు. అందరూ తలలూపారు. ప్రిన్సిపాలు బాగుందన్నారు. గౌరీశంకర్ గారు కూడా పెన్ను మూత తీశారు. తీసి, కూలీలా, ఏ గోదాములవాళ్ళు అని మామూలుగా అడిగారు. జాబితా ఉందట కదా, ఒకసారి చూపించండి, ఇప్పుడే రెండేళ్ళకూ సంతకం చేస్తాను అన్నారు.

ఆ జాబితా లూర్దమ్మ ఒళ్ళో ఫైల్లోనే ఉంది, ఎక్కడా వదలడానికి ధైర్యం చాలక వెంట తెచ్చుకుంది. నిజం చెప్పాలంటే, ముందు ఆవిడకు ఆశ పుట్టింది. పద్నాలుగు మంది కోసం నాలుగొందల మంది చదువు పోగొట్టుకోవాలా? ఈయన మంచివాడే, ఏమీ చెయ్యడేమో. కానీ ఆ ‘ఏమో’ భారం తన మీద పడదు, బస్తాలు మోసేవాళ్ళ మీద పడుతుంది.

“పేర్లు ఇవ్వనండి. చదువుకోడానికని రాసినారు, మనకు చూపించడానికి కాదు. అడగడమే నాది తప్పు,” అంది.

రికార్డు కాలేజీదని, మీ సొంతం కాదని ప్రిన్సిపాలు గుర్తుచేశారు. అదీ నిజమే. లూర్దమ్మ మంచినీళ్ళకని లేచి, ఫైలుతో సహా పరీక్షల గదిలోకి నడిచి, పాత ప్రశ్నపత్రాలను ముక్కలు చేసే యంత్రంలో ఒక్కో కాగితమే పెట్టింది. ముప్పయ్యొక్కేళ్ళలో ఆవిడ నాశనం చేసిన మొదటి రికార్డు అది. తిరిగి వచ్చి చేసిన పని చెప్పి కూర్చుంది. గౌరీశంకర్ గారు పెన్నుకు మూత పెట్టేశారు.

వాటా పోయింది. పైగా మెమో ఒకటి చేతికిచ్చారు. ఆ రోజు ఆటోలో కద్మా వెళ్తూ దారి పొడుగునా ఏడ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తానే తిట్టుకుంది. రాత్రి సీతారామరావు గారికి ఫోను చేసి క్షమించమంది. పత్రిక మనుషుల కోసమమ్మా, మనుషులు పత్రిక కోసం కాదు అన్నాడాయన. వారంలో మిగతా పదకొండు లైబ్రరీలూ కూర్చుని ఏడాదికి నాలుగు సంచికలకు బదులు మూడు వేద్దామనుకున్నాయి. కంప్యూటరును రాంచీలో ఒక కాలేజీ తీసుకుంది. కంపెనీకి మళ్ళీ వద్దనే చెప్పారు.

ఏప్రిల్లో కొత్త సంచిక వచ్చింది. లూర్దమ్మ అప్పటికి రిటైరైపోయింది, కాలేజీ ఇచ్చిన పాస్‌వర్డులన్నీ ఆగిపోయాయి. ఇంట్లో కూర్చుని పత్రిక తెరిస్తే ఎప్పటిలాగే తెరుచుకుంది. అడుగున సాయం చేసే లైబ్రరీల పేర్లలో తమ కాలేజీ లేదు. అది చూసి గుండె కలుక్కుమంది. కాలేజీలో ఎవరు తెరిచినా ఇప్పటికీ ఇలాగే ఊరికే తెరుచుకుంటుందని తోచి, ఆ బాధలోనే నవ్వు వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం జుగ్సలాయి వెళ్ళింది. నూకమ్మకు ఆ రోజు డ్యూటీ, అందుకని చదివే పని ఈవిడ మీద వేసింది. అప్పన్న బండి చుట్టూ అన్నం గిన్నెలు పట్టుకుని పదిహేను మంది దాకా కూర్చున్నారు. అప్పుడు లేచి వెళ్ళిపోయినవాళ్ళలో సగం మందే తిరిగి వచ్చారని అప్పన్న చెప్పాడు. ఆవిడ హిందీ పేజీ నిదానంగా చదివింది. మెట్లెక్కుతుంటే ఊపిరి అందకపోవడం దగ్గరకు వచ్చేసరికి వెనక నుంచి ఒక ముసలాయన దగ్గాడు. చొక్కా ఇస్త్రీది, చెవిన పెన్ను, కూలీ కాడు. గోదాములో లెక్కలు రాసే గుమాస్తా కాబోలు. కూలీలు తినడం ఆపి తలలు వంచుకున్నారు.

ఆయన అక్కడే నిలబడి, ఆ ముక్క ఇంకోసారి చదవగలరా అని హిందీలో అడిగాడు. మీరెవరండీ అన్న మాట లూర్దమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసుకుంది. జరిగి బెంచీ మీద చోటిచ్చి, ఆ ముక్క మళ్ళీ మొదటి నుంచీ చదివింది.