ముల్లుకు నిద్రమాత్ర

తీగ ఊడదీశాడు. ముల్లు కదలలేదు.

ఊడిన తీగ కొసను ఇంజను ఇనుముకు ఆనించాడు. అప్పుడైనా ముల్లు ఎర్రగీత దాకా ఎగిరిపడాలి. ఎగరలేదు. మీటరుకు సరిగ్గా నడుమ, చేతులు కట్టుకుని నిలబడ్డ బుద్ధిమంతుడిలా అలాగే ఉండిపోయింది.

"కదిలిందా?" బానెట్ కింద నుంచి అరిచాడు.

"చచ్చినా కదల్లేదు మావయ్యా," డ్రైవరు సీట్లోంచి మేనకోడలు అంది. "ఇంతకీ కదలడం మంచిదా, కదలకపోవడం మంచిదా?"

ఇంజను వేడిని కొలిచే చిన్న పార్టును సెండర్ అంటారు. దాని నుంచి మీటరుకు ఒకటే తీగ. ఆ తీగ ఊడితే ముల్లు కిందికి పడిపోవాలి, ఇనుముకు తగిలితే పైకి లేవాలి. రెండూ జరగలేదంటే ఆ ముల్లు ఇంజను మాట వినడం లేదు. మరి ఎవరి మాట వింటోంది?

ఆయన నలభై ఏళ్లుగా బళ్ల మీటర్లు బాగుచేస్తున్నాడు. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలే కొట్టు, తలుపు మీద వేలాడే పాత స్పీడోమీటర్ల దండ, అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ. ఊరంతా ముల్లు మావయ్య అంటారు. కోపమొస్తే భార్య కూడా అలాగే అంటుంది. మీటరుకు చెవి ఆనిస్తే లోపల ముల్లు తుమ్మినా ఆయనకు వినిపిస్తుందని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా ఆయనే. ఒకసారి ఒక లారీ మీటరు బాగుచేస్తే, అది ఆ రోజు నడిచిన దూరంతోపాటు మర్నాడు నడవబోయే దూరం కూడా చూపించిందట. ఈ కథ విన్నవాళ్లెవరూ నమ్మలేదు. మళ్లీ చెప్పమనని వాళ్లూ లేరు.

అలాంటి మనిషి నెల కిందట ఈ పాత వ్యాను డాష్‌బోర్డు వైపు ఒక్క చూపు చూసి, "ముల్లు బంగారంలా ఉంది, కళ్లు మూసుకుని కొనుక్కో" అన్నాడు. మేనకోడలు కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో పని మానేసి, కళ్లు మూసుకునే కొనుక్కుంది. కొండ మీది ఆసుపత్రికి నర్సులను తీసుకెళ్లి దింపే పని దొరకబోతోంది. రేపు పొద్దున ఏడింటికి పరీక్ష. ఆసుపత్రి బళ్లు చూసే సూపర్‌వైజరు పక్కన కూర్చుంటాడు, వెనక పదకొండు మంది నర్సులుంటారు. బండి నచ్చితే పని ఆమెది. నచ్చకపోతే వరసలో ఇంకో ఇద్దరు కాచుకుని ఉన్నారు.

నిన్న ఆమె దారి అలవాటు చేసుకుందామని ఖాళీ బండితో కొండెక్కింది. పైకి వెళ్లేసరికి కాలిన ఇనుము వాసన. బానెట్ ఎత్తితే ముఖం మీదికి ఆవిరి. వెనక్కి గెంతి మీటరు చూసింది. ముల్లు నడుమే ఉంది. అందుకే పొద్దున్నే మావయ్య కొట్టు ముందు బండి పెట్టింది.

"ఒక్క మాట చెప్పు," ఆయన చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "పొద్దున చల్లటి బండి స్టార్ట్ చేస్తే ముల్లు నడుముకు రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"అర నిమిషం. మహా చురుకు."

"అర నిమిషంలో గిన్నెడు నీళ్లు కూడా వేడెక్కవే తల్లీ! ఇంజనంతా ఎలా వేడెక్కుతుంది?"

"నాకేం తెలుసు? బంగారం అన్నది నువ్వు కదా."

ఆ రోజు తాను చూసేసరికి అమ్మేవాడు బండిని స్టార్ట్ చేసి ఉంచాడు. ముల్లు అప్పటికే నడుమ ఉంది. చల్లటి ఇంజను మీద చూడకుండా మీటరు గురించి నోరు విప్పకూడదని పది మందికి నేర్పిన మనిషి, సొంత అక్క కూతురి దగ్గర ఆ పని చేయలేదు. ఆయన చెవులు వేడెక్కాయి. ఆ వేడిని కొలవడానికి మాత్రం ఏ మీటరూ అక్కర్లేదు.

టార్చి నోట్లో పెట్టుకుని, డాష్‌బోర్డు కిందికి వెల్లకిలా దూరాడు. బండి బయట తెల్లరంగు. ఇక్కడ, ఎవరూ చూడని చోట, పాత ఆకుపచ్చ రంగు మిగిలి ఉంది. మీటరు వెనక సెండర్ తీగ ఎవరో కత్తిరించి మడిచేశారు. దాని చోట చిక్కుడు గింజంత రెసిస్టర్ ఒకటి, ఒక కాలు మీటరుకు, ఇంకో కాలు బండి ఇనుముకు అతికి ఉంది. తాళం తిప్పగానే ముల్లును నడుముకు లేపి అక్కడే పట్టుకుని ఉంచేది అదే. ఇంజను కాలి బూడిదైనా ముల్లుకు పట్టదు.

"దొంగ వెధవ," అన్నాడు టార్చి నోట్లో ఉండగానే. "చేతులు విరిచెయ్యాలి వీడికి."

అప్పుడు అతుకు చూశాడు.

అతుకు మీద టేపు లేదు. మైనం పూసిన ఎర్రదారం, నాలుగు చుట్లు, చివర అడ్డంగా ఒక ముడి. టేపు వేడికి కరిగిపోతుందని ఊళ్లో ఒకే ఒక్క మీటరు మెకానిక్కు తన భార్య కుట్టుపెట్టెలోంచి దారం తీసి అలా చుడతాడు.

టార్చి జారి ఛాతీ మీద పడింది. ఆయన తీయలేదు.

"మావయ్యా? ఏమైంది? షాక్ కొట్టిందా?"

ఆయన రెండు కాళ్లూ బండిలోంచి బయటికి, వేరెవరివో అయినట్టు వేలాడుతున్నాయి. ఆమె భయపడి చీలమండ పట్టుకుని లాగింది. ఆయన మెల్లగా జరిగి బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"దొరికాడు," అన్నాడు.

"ఎవరు?"

"నేనే."

పద్దెనిమిదేళ్ల కిందట రొట్టెల వ్యాను ఒకటి వచ్చింది, ఆకుపచ్చది. సెండర్ పోయింది. కొత్తది రావడానికి వారం పడుతుంది. ముల్లు పని చేయని బండిని యజమాని బయటికి తీయనివ్వడని డ్రైవరు బతిమాలాడు. తాను వారం రోజులకని రెసిస్టర్ పెట్టి, పార్టు రాగానే రమ్మన్నాడు. డ్రైవరు మళ్లీ రాలేదు. తానూ వెతకలేదు. పైగా దాన్ని కథ చేశాడు.

మేనకోడలు కళ్లు పెద్దవయ్యాయి. "నిద్రమాత్ర! ముల్లుకు నిద్రమాత్ర వేశానని చెప్పేవాడివి కదా, నా చిన్నప్పుడు! నేను పడీపడీ నవ్వేదాన్ని. అది నిజంగా జరిగిందా?"

"నా కథల్లో అదొక్కటే నిజం."

"యాభై బళ్లకు వేశానన్నావు!"

"కథలో అంతా పదింతలు ఉంటుందే."

ఆమె ఆయన ముందుకొచ్చి గొంతుక్కూర్చుంది. "ఇప్పుడు కథ వద్దు. ఎన్ని?"

"ఐదు," అన్నాడు. వేళ్లు ముడుస్తూ మళ్లీ లెక్కపెట్టుకున్నాడు. ఐదే.

లోపలి నుంచి అత్తయ్య టీ తెచ్చింది. ఇద్దరి వాలకం చూసి, "ఎవరు పోయారు?" అంది. విషయం విన్నాక గ్లాసులు కింద పెట్టి, "నా దారం ఎటు పోతోందా అని నేను ఎలకలను తిట్టుకున్నాను ఇన్నాళ్లూ" అంది. ఎవరూ నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే కొత్త సెండర్ పెట్టాడు. తీగ కలిపాడు. పద్దెనిమిదేళ్ల తరవాత ముల్లు నిద్రలేచి, ఉన్నదున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. చెప్పింది మంచి మాట కాదు. నిలబడ్డ చోటే నడుము దాటింది. చూస్తే రేడియేటరు గొట్టం చిట్లి ఉంది. అది మార్చారు. కానీ రేడియేటరు లోపల సగం పూడుకుపోయింది. విప్పి శుభ్రం చేయాలంటే రెండు రోజులు. చేతిలో ఉన్నది ఒక్క సాయంత్రం.

మేనకోడలు గోళ్లు చూసుకుంది. "ఆ సూపర్‌వైజరు ఇంజను చూడడట. ముల్లే చూస్తాడట. ముల్లు పైకి పోతే బండి వద్దంటాడు." గొంతు తగ్గించింది. "ఆ మాత్రను రేపటి ఒక్కరోజుకు..."

"నేనూ ఒక్క వారానికే అన్నాను," అన్నాడాయన.

ఆమె బకెట్ తీసుకెళ్లి రెండు క్యానుల్లో నీళ్లు నింపి సీటు కింద పెట్టింది.

పొద్దున ఏడింటికి నర్సులు ఎక్కారు. ఆయన వెనక సీటు చివర పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సూపర్‌వైజరు ముందు సీట్లో, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. బల్లపరుపు రోడ్డు మీద అంతా బాగానే ఉంది. ఎత్తు మొదలైంది. ముల్లు నడుము దాటింది. రెండో మలుపులో ఎర్రగీతకు గోరంత దూరంలోకి వచ్చింది. మేనకోడలు పెదవి కొరుక్కుని బండిని రోడ్డు పక్కకు తీసి ఆపింది.

"ఎందుకు ఆపావమ్మా?" సూపర్‌వైజరు అదిరిపడ్డాడు.

"ఇంజను వేడెక్కింది సార్. చల్లారాక వెళ్దాం. పావుగంట."

"పరీక్ష రోజే పావుగంటా? పైన డ్యూటీలు మారే వేళ!" ఆయన కాగితం మీద అడ్డంగా గీత గీశాడు. ఆమె స్టీరింగును అలాగే పట్టుకుని ఉంది, వదిలితే ఏడుపొస్తుందన్నట్టు. "ఆసుపత్రికి ఇప్పుడు తిప్పుతున్న బండి చూడు. నాలుగేళ్లు ఇదే కొండ ఎక్కింది, ఒక్కనాడు ముల్లు నడుము దాటలేదు. బండంటే అదీ!"

వెనక సీట్లో పనిముట్ల సంచి కింద పడింది.

"నాలుగేళ్లలో ఒక్కసారీ కదల్లేదా?" ముల్లు మావయ్య లేచి నిలబడ్డాడు. తల కప్పుకు తగిలింది. "ఎండాకాలంలో కూడా?"

"మేకు కొట్టినట్టు ఉంటుంది."

"ఆ బండి ఎక్కడ ఇప్పుడు?"

"రెండో జట్టును ఎక్కించుకుని మన వెనకే వస్తోంది."

ఆయన తలుపు తీసుకుని దూకాడు. అరవై ఏళ్ల మనిషి అలా దూకడం నర్సులు అంతకుముందు చూడలేదు. రోడ్డు నడుమకు వెళ్లి రెండు చేతులూ చాపాడు. మలుపు తిరిగి నీలం వ్యాను వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కి తల బయటపెట్టాడు.

"చావాలనుందా పెద్దాయనా?"

"పొద్దున చల్లటి బండి తీశాక ముల్లు నడుముకు రావడానికి ఎంతసేపు?"

"ఇది అడగడానికా అడ్డం పడ్డావు? అర నిమిషం. గడియారం పెట్టుకోవచ్చు."

"అందరినీ దింపు నాయనా. బానెట్ ఎత్తు. గుడ్డ చుట్టుకుని ఎత్తు."

డ్రైవరు విసుక్కుంటూనే ఎత్తాడు. ఉస్సుమని లేచిన ఆవిరికి గాలి మసకబారింది. డ్రైవరు ఎగిరి వెనక్కి పడ్డాడు. నర్సులు కెవ్వుమన్నారు. లోపల ఒక గొట్టం బుడగలా ఉబ్బి, ఇంకో మలుపు దాకా కూడా ఆగేలా లేదు. ఆ పై మలుపుకు అవతల రోడ్డుకు గోడ లేదు.

సూపర్‌వైజరు మీటరు చూశాడు. నడుమ, మేకు కొట్టినట్టు. ఆవిరి చూశాడు. మళ్లీ మీటరు చూశాడు. చేతిలో అట్ట ఉన్న సంగతే మర్చిపోయాడు.

"ఎవడు చేశాడయ్యా ఇది?"

"నేనే సార్," అన్నాడు ముల్లు మావయ్య. ఎన్ని కథలు చెప్పే నోరైనా ఇంకేమీ జోడించలేకపోయింది. "వారానికని."

సూపర్‌వైజరు తిట్లు మొదలుపెట్టాడు. వరసగా, ఊపిరి తీసుకోకుండా, పావుగంట తిట్టాడు. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. ఈలోగా మేనకోడలు రేడియేటరులో నీళ్లు పోసి, సీట్లోకెక్కి ముల్లు చూసింది.

"నడుముకు దిగింది సార్," అంది. "మీరు ఆపితే మనం బయల్దేరొచ్చు. వీళ్లను దింపి వచ్చి రెండో జట్టునూ తీసుకెళ్తాను. నెమ్మదిగా వెళ్తాను. ముల్లు పైకొస్తే మళ్లీ ఆపుతాను. ఎల్లుండికి రేడియేటరు బాగవుతుంది. నచ్చితే ఉంచండి."

సూపర్‌వైజరు కాగితం వైపు చూశాడు, అడ్డగీత వైపు చూశాడు. కాగితాన్ని అట్ట నుంచి లాగి నలిపి జేబులో పెట్టుకుని, వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు. తలుపు గట్టిగా వేసుకుని, కిటికీలోంచి తల పెట్టి అరిచాడు.

"ఎల్లుండి అంటే ఎల్లుండేనమ్మా! మీ ఇంట్లో వారమంటే ఎంతో చూశాను!"

"మావయ్యా, ఎక్కు," మేనకోడలు పిలిచింది.

ఆయన నీలం వ్యాను డాష్‌బోర్డు కింద పడుకుని ఉన్నాడు. "నువ్వు వెళ్లు," అన్నాడు. "ఇక్కడా ఎర్రదారమే. ఇది రెండోది. మిగతా మూడింటి రంగులు గుర్తు తెచ్చుకోవాలి."