అచ్చులు ఎగిరిపోయిన దరఖాస్తు

జగదల్‌పూర్‌లో నేను ఇంగ్లీషు చెప్పే కాలేజీలో పీజీ విద్యార్థులు ప్లీజ్ అన్న మాటలోంచి అచ్చులన్నీ పీకేసి పి, ఎల్, జెడ్ అని రాస్తారు. ఫోన్లో స్నేహితులకు ఎలా రాసుకుంటే నాకేం? కానీ ఒకసారి నాటకం మీద వ్యాసం రాయమంటే, నాయిక చనిపోయిన చోట ఒక మహానుభావుడు ‘సో శాడ్’ అని రాసి పక్కన ఏడుపు ముఖం గీశాడు. పెన్నుతో, ఓపిగ్గా, కన్నీటి చుక్కలతో సహా. ఆ శ్రద్ధలో సగం వ్యాకరణం మీద పెట్టి ఉంటే పాసయ్యేవాడు.

పోయిన ఎండాకాలం అమ్మాయిల హాస్టల్లో మోటారు కాలిపోయింది. రోడ్డు మీది చేతిపంపు నుంచి బకెట్లు మోసుకుంటూ క్లాసులకు ఆలస్యంగా వచ్చేవారు. కోంటా వైపు తెలుగు రైతుల ఇంటి నుంచి వచ్చిన ఒక అమ్మాయి నా విద్యార్థినే. ఇంగ్లీషులో రాస్తే ఆఫీసులో విలువుంటుందని దరఖాస్తు తనే రాసింది. ‘హాయ్ సర్’ అని మొదలుపెట్టి, యూ అన్న మాటకు ఒక్క అక్షరమే ఖర్చుపెట్టి, చివర ఆశ్చర్యార్థకాలను కంచె కట్టినట్టు పాతింది.

ఆఫీసు బాబు, అదే గుమస్తా, దాన్ని ఫొటో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టాడు. నవ్వే ముఖాలు వరసకట్టాయి. మా విభాగాధిపతి ఈ కాలం పిల్లల ఇంగ్లీషు గురించి బాధపడుతూ ఒక వాక్యం రాశాడు, దానికి క్రియ లేదు. నీళ్ల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు ఆ అమ్మాయిని స్టాఫ్ రూముకు పిలిచి, నా ఎదురుగా కూర్చోబెట్టి దరఖాస్తు మళ్లీ రాయించాను. విషయం, తేదీ, మర్యాద, కామాలు అన్నీ కుదిరాయి. నాకే ముచ్చటేసింది. ఆఫీసు బాబు దాని మీద ముద్ర కొట్టి ఫైలులో పెట్టాడు. వారం దాటినా కుళాయి తడవలేదు.

అప్పుడు ఆ అమ్మాయి ఎండిన కుళాయిని, బకెట్ల వరసను ఫోన్లో రీలు తీసింది. పైన అచ్చులు లేని నాలుగు ఇంగ్లీషు ముక్కలు తగిలించింది. అది సుక్మా నుంచి దంతెవాడ దాకా అందరి ఫోన్లలోనూ తిరిగింది. విలేకరి ఎవరో ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాడట. మర్నాటికల్లా కొత్త మోటారు వచ్చింది.

ఆ మాట చెప్పడానికి తనే నా దగ్గరికి వచ్చింది. రీలులో స్పెల్లింగు చూశానని, నీళ్లు మోటారుతో వచ్చాయే తప్ప ఆ రాతతో కాదని అన్నాను.

“మరి మోటారు ఏ రాతతోని వచ్చింది మేడం?” అంది. గొంతులో పొగరు లేదు, నిజంగానే అడిగింది. “మీరు రాపిచ్చిన కాగితం మంచిగనే ఉండె. చదివేటోళ్లే లేకపాయె.”

అచ్చులు లేని రాతను చూసి పగలబడి నవ్విన ఆఫీసు, అచ్చులన్నీ ఉన్న రాతను చదవనే లేదు.

ఆ వారంలోనే ప్రిన్సిపాల్ సంతకంతో సర్క్యులర్ వచ్చింది. ఇకపై ఫిర్యాదులు శుద్ధమైన ఇంగ్లీషులో మాత్రమే ఇవ్వాలి, రీలు తీస్తే చర్య తప్పదు. ఆ శుద్ధమైన ఇంగ్లీషులో కర్త ఒకవైపు, క్రియ ఒకవైపు పోయాయి. ఫిర్యాదు అన్న మాటకే స్పెల్లింగు తప్పు. నేను ఎర్ర సిరాతో దిద్ది, కింద పదికి మూడు మార్కులు వేసి, ఫొటో తీసి అదే స్టాఫ్ గ్రూపులో పెట్టాను.

ఒక్క నవ్వే ముఖమూ రాలేదు. విభాగాధిపతి నన్ను గదికి పిలిచి, పెద్దల పట్ల మర్యాద ఉండాలని హిందీలో చాలాసేపు చెప్పాడు. సాయంత్రానికి గ్రూపులోంచి నన్ను తీసేశారు. పొద్దున్నే పువ్వుల బొమ్మల కింద తప్పుల తడక శుభోదయాలు చదివే బాధ తప్పింది. మార్కులు మాత్రం నేను మార్చలేదు.