సింహాచలాన్ని రింగెక్కించింది నేనే

పదకొండేళ్లుగా ఒక మనిషి ఎడమ కంటి భారం మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీ ముఖం నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆదివారం సాయంత్రాలు వ్యాయామశాలలో, బాక్సింగ్ రింగ్ పక్కనే, మాకొక చర్చావేదిక ఉండేది. నడిపేది నేను. దేవుడు, దయ్యం, జాతకం, ఏ విషయమైనా సరే, అన్నవాడే రుజువు చూపాలి. చూపలేకపోతే లేచి నిలబడి మాట వెనక్కి తీసుకోవాలి. ఆ నియమం బాబాల పరువు తీయడానికి పెట్టాను. ఒక మనిషి కన్ను తీయడానికి పనికొచ్చింది.

ఒక ఆదివారం చర్చ బాక్సింగ్ మీదికి మళ్లింది. మిడిల్ వెయిట్ తరగతుల్లో అందరికన్నా గట్టి గుద్దు ఎవరిది? గూడ్స్ డ్రైవర్ సింహాచలం ఒకప్పుడు మిడిల్ కన్నా ఒక మెట్టు తక్కువ బరువుండే లైట్ మిడిల్‌లో ఆడినవాడు. గట్టి గుద్దు ఆ తరగతిదేననీ, పై తరగతివాళ్లు తోస్తారే తప్ప కొట్టరనీ అన్నాడు. బరువు పెరిగితే దెబ్బ బలం పెరుగుతుందని నేను సూత్రం చెప్పాను.

“గురూగారూ, మీరెప్పుడైనా ఒక్క గుద్దు తిన్నారేటి? పుస్తకంలో గుద్దుకి నొప్పుంటాదా?”

సింహాచలం అడిగిన తీరుకి అందరూ పగలబడి నవ్వారు. నా శిష్యులు కూడా.

అసలు సంగతి ఇది. అంతకు నాలుగు రోజుల ముందు అతను నా క్వార్టర్‌కి వచ్చి కంటి డాక్టరు ఇచ్చిన కాగితం చూపించి అర్థం చెప్పమన్నాడు. ఎడమ కంటి లోపలి పొర పల్చబడింది, తలకు దెబ్బ తగలకూడదు, త్వరగా చికిత్స చేయించుకోవాలి. “సెలవు దొరికీదాకా ఎవరికీ చెప్పకండి బాబూ, ఇంజిన్ మీంచి దింపేస్తారు” అన్నాడు. మాటిచ్చాను.

నవ్వులు ఆగాక రుజువు అడిగాను. మిడిల్ వెయిట్‌లో ఆడే మా ఆఫీసు గుమాస్తా అక్కడే ఉన్నాడు. అతనితో రెండు రౌండ్లు ఆడు, లేదా మాట వెనక్కి తీసుకో అన్నాను.

సింహాచలం నా పక్కకు వచ్చాడు. “మీకు తెలుసు గదా బాబూ.”

“నాకేం తెలుసు? అందరికీ వినపడేలా చెప్పు.”

అతను వెనక్కి తిరిగి చొక్కా విప్పాడు. తర్వాత గ్లవ్స్ అడిగాడు.

మొదటి రౌండులోనే అతని గుద్దు పక్కటెముకల మీద పడి గుమాస్తా మోకాళ్ల మీద కూలాడు. రుజువైపోయింది. చప్పట్లు. నేనేం చేశాను? ఒక్కసారి జరిగింది రుజువు కాదు, మళ్లీ జరగాలి అన్నాను. శాస్త్రం ఒప్పుకునే మాట కాబట్టి ఎవరూ అడ్డుపడలేదు. రెండో రౌండులో గుమాస్తా కుడిచేయి అతని ఎడమ కణత మీద పడింది. కన్ను పోయింది. ఇంజిన్ పోయింది.

ఆవేశంలో అన్నానా? లేదు. దెబ్బ తగలాలని కోరుకున్నానా? ఇన్నేళ్లూ ఈ ప్రశ్న దాకా వచ్చి వెనుదిరిగాను. కోరుకున్నాను. కన్ను పోవాలని మాత్రం కాదు అని రాయబోయి ఆగాను. ఏ కన్నో నాకు తెలుసు. ఆ వైపే చూస్తూ నిలబడ్డాను.

మరుసటి నెల గొప్పలకు పోయి చెడినవాళ్ల మీద వ్యాసం రాశాను. బాగుందన్నారు.

సింహాచలం ఇప్పుడు బిలాస్‌పూర్ పక్కనే తిఫ్రాలో ఉంటున్నాడు, రైల్వే స్టోర్సులో చిన్న పని. నన్ను బయటపెట్టలేదు. బయటపెడితే కాగితం దాచిన సంగతీ బయటపడి ఆ పని కూడా పోతుంది. అతని ఆ భయం నీడలోనే నేను పెద్దమనిషిగా బతికాను.

ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందులో అతనికేమీ రాదు.