కుట్లు వేసిన బోటి

ఈ ఆదివారం సాయంత్రం, కోపం చల్లారకముందే మన కాలనీ గ్రూపులో రాస్తున్నాను. జీర్ణకోశ వ్యాధులపై పరిశోధన చేసే నా మనవరాలు, రేపు జూనియర్ డాక్టర్లకు పేగు కుట్టడం నేర్పాలని మేక పేగులు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. నమూనాకు ఒకదానికి కుట్లు కూడా వేసింది. మా మరిది అన్నిటినీ బోటి కూర వండేశాడు!

"కుట్లు కనపడలేదా?" అన్నాను.

"కనపడ్డయ్ వదినా. కటికాయన మసాల కూరి కుట్టిండనుకున్న. జర తిని చూడు, మస్తుగున్నది!"

నవ్వకండి. ఆ పిల్లల చెయ్యి మేక పేగు మీద కుదురుకోకపోతే, తడబడేది మన కడుపులోనే.

ఇక జరగవలసినవి:

1. మరిది తెల్లవారగానే వేరే పేగులు తేవాలి.
2. మళ్లీ ఫ్రిజ్ ముట్టకూడదు.
3. అతను కూర పంచిన ఇరుగుపొరుగు వాళ్లు తినడం ఆపండి. తిన్నవాళ్లు ఇక్కడే చెప్పండి, దారం మింగారేమో మనవరాలు చూస్తుంది.